వాన కోణంగి

ఎర్నెస్టీన్ అత్త వసారాలో గంబో పులుసు గిన్నె ఖాళీ అయ్యేసరికి ఆల్ఫాన్సుకి నోటి దురద మొదలైంది. మామూలు ఆదివారమైతే ఎవరూ పట్టించుకోరు. కానీ ఇవాళ ఎదురుగా పెద్ద కుర్చీలో కెప్టెన్ వెండెల్ కూర్చున్నాడు, ఒళ్ళో అట్టపెట్టెతో. మోబీల్ ఊళ్ళో మార్డీ గ్రా పండగ ఊరేగింపు ఇంకో మూడు వారాల్లో ఉంది. బే పెలికన్ల సంఘం తీసే ఊరేగింపులో ముందు బండి మీద, ముసుగేసుకుని పెద్ద పీపా ఎక్కి ఆడే కోణంగికి మోకాలు పట్టేసిందట. కొత్త కోణంగి ఎవరో సంఘం పెద్దగా కెప్టెన్ ఇవాళ తేల్చాలి.

ఆల్ఫాన్సుకి యాభై దగ్గర పడ్డాయి. షిప్‌యార్డులో ఓడలకి రంగులేస్తాడు. కుర్రతనం నుంచీ ఏ ఊరేగింపులో ఎక్కినా అతనిది ఆఖరి బండే.

"చూడండి కెప్టెన్ గారూ, నేను చెప్పకూడదు. కోణంగి వేసినవాడు చచ్చేదాకా నోరు విప్పకూడదని మన కట్టుబాటు. ఆ ఏటి కెప్టెన్‌కి తప్ప పెళ్ళానిక్కూడా తెలియకూడదు. కాబట్టి వాన ఏడు ఆడిన ఆ మహానుభావుడెవరో నన్ను నరికినా చెప్పను. ఊరికే ఒకాయన సంగతి చెబుతున్నానంతే. ఆయన ఎత్తు సరిగ్గా నా ఎత్తు, అది వేరే విషయం."

"పొట్ట కూడా నీ పొట్టేనా మావా?" అన్నాడు మంగలి డెల్మార్.

"అప్పట్లో నాకు... ఆయనకి పొట్ట లేదురా! మధ్యలో అడ్డు రాకు. ఆ ఏడు ఏం జరిగిందో మీకందరికీ తెలుసు. గవర్నమెంట్ స్ట్రీట్ మలుపు తిరిగామో లేదో, కుండలతో కుమ్మరించినట్టు వాన. బ్యాండు వాళ్ళు చెట్ల కిందకి పరుగు. గుర్రాలెక్కిన వాళ్ళు బ్యాంకు వరండాలోకి పరుగు. జనం కుర్చీలు నెత్తిన పెట్టుకున్నారు. ఇంక ఊరేగింపు ఆపేద్దామని పోలీసాయన ఈల కూడా నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు పీపా మీద ఒక్కడు, ఒకే ఒక్కడు, ఆపకుండా ఆడుతున్నాడు. వాడు ఆడుతున్నాడు కదా అని జనం ఆగారు, జనం ఆగారు కదా అని బ్యాండు వెనక్కొచ్చింది. అవునా కాదా?"

అవునంటే అవునన్నారు అందరూ. అంతవరకు నిజమే, ఊరంతా కళ్ళారా చూసిందే. ఆ ముసుగులో ఎవరున్నారో మాత్రం ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ ఏటి కెప్టెన్ ఎవరికీ చెప్పకుండానే పోయాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండి లాగే ట్రాక్టరు ఆగిపోయింది. ఇంజన్లోకి నీళ్ళు పోయాయి. డ్రైవరు దిగి నెత్తి బాదుకుంటున్నాడు. నేను పీపా మీద నుంచే అన్నాను, 'ఒరే, బాదుకోకు, నే చూసుకుంటా.'"

"ఆయన అన్నాడా, నువ్వన్నావా?"

"ఆయనే నేను, నేనే ఆయన, ఇంక దాపరికమెందుకు డెల్మారూ, మనలో మనం! ఎడమ కాలితో ఒక్క తొక్కు తొక్కాను. బండి జానెడు ముందుకు కదిలింది. కుడి కాలితో తొక్కాను, మూరెడు. ఇంక చూస్కో, నా తొక్కుడుకి చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, ట్రాక్టరు మా వెనక పడి వస్తోంది!"

"ఏమయ్యో," అంది లోపలి నుంచి అతని భార్య పెర్లీ, గిన్నెలు తోముతూనే, "ఆ రోజు నువ్వు జలుబని దుప్పటి ముసుగేసుకుని పడుకోలేదూ?"

"అదే మరి నాటకం! దుప్పటి కింద ఉన్నవి రెండు దిళ్ళే పిచ్చిదానా! వాటికి నువ్వు మిరియాల చారు కూడా ఇచ్చావు. కట్టుబాటంటే అలా ఉండాలి కెప్టెన్ గారూ."

కెప్టెన్ అట్టపెట్టె మీద వేళ్ళతో చిన్నగా తాళం వేస్తున్నాడు. ఎర్నెస్టీన్ అత్త ఉయ్యాల బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతోంది. డెబ్భై దాటినా నిటారుగా ఉంటుంది. సంఘంలో మగవాళ్ళు తొడిగే పట్టు చొక్కాలన్నీ ఆవిడ కుట్టినవే. ఆడవాళ్ళు మాత్రం విందుకి పొడుగు గౌను వేసుకుని రావాలేగానీ బండెక్కకూడదు, పెలికన్ల పద్ధతి అది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? జనం చేతులు చాపి, 'మాకూ వెయ్యి బాబూ, మాకూ వెయ్యి' అని ఒకటే గోల. మూన్ పై బిస్కట్లు విసురుతున్నాను. ఆ వాన జోరులో కాస్త బలంగా విసిరానేమో, ఒకటి మేడల మీంచి పోయింది, రేవు దాటిపోయింది, బే నీళ్ళన్నీ దాటిపోయింది. అవతలి ఒడ్డున ఫెయిర్‌హోప్‌లో ఒకావిడ పీతలకి వల వేసుకుని కూర్చుంది. టక్కున ఒళ్ళో పడింది. ఆవిడ ఊరుకుందా? గట్టిగా కేకేసింది, 'ఇది చాక్లెట్‌ది, నాకు అరటిపండుది కావాలీ!' అని. వేశాను. ఏం చేస్తాం, ఆడకూతురు అడిగింది."

"మా చెవుల్లో పువ్వులు ఏ రంగువి పెడుతున్నావు మావా?"

"అజేలియాలే పెడతాను, విను! అసలు కథ ఇప్పుడే. వీధి వీధంతా ఏరైపోయింది. బండి తేలింది. పీపా బండి మీంచి ఊడింది. నేను దిగానా? దిగలేదు! పీపా మీదే ఆడుకుంటూ నదిలోకి, నదిలోంచి బేలోకి పోయాను. రొయ్యల పడవలు హారన్లు కొడుతూ నా వెనక వరసకట్టాయి. డాల్ఫిన్లు రెండు వరసల్లో, మన బ్యాండు కుర్రాళ్ళకంటే బుద్ధిగా, అడుగులో అడుగేసి..."

"డాల్ఫిన్లకి అడుగులెక్కడివిరా?" అంది అత్త. అంతసేపటికి ఆవిడ మాట్లాడింది అదే మొదలు.

"ఆ రోజు వచ్చాయత్తా! బురదగట్టు మీద మొసళ్ళు వెనక కాళ్ళ మీద లేచి నుంచుని, 'మాకూ వెయ్యి బాబూ' అంటున్నాయి. జాలేసి పూసల దండలు విసిరాను, ఒక్కోదాని మెడలో ఒక్కోటి పడింది. ఇప్పటికీ ఆ వైపు చేపలకి వెళ్ళినవాణ్ణి అడగండి, ముసలి మొసళ్ళన్నీ మెడలో ఊదా దండ లేందే బయటికి రావు. ఇంక మన బేలో ఊరికే కట్టిపడేసిన పాత యుద్ధనౌక ఉందా? ఎన్నో ఏళ్ళుగా ఉలుకూ పలుకూ లేనిది, నన్ను చూసి 'బాం' అని కూత పెట్టింది. దాని ముందు భాగానికి రంగేసింది నేనే కదా, గుర్తుపట్టింది పాపం."

పెర్లీ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నవ్వాపుకోలేక ఇవతల డెల్మార్ స్తంభం పట్టుకున్నాడు. ఆల్ఫాన్సు లేచి కుర్చీ ఎక్కేశాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైకి చూశాను. మబ్బు నల్లగా నా నెత్తి మీదే ఉంది. నాకు ఒళ్ళు మండింది. 'ఏమే, మా ఊరు ఏడాదికొక్కసారి ఆడుకుంటుంది, అది కూడా చూడలేకపోయావా?' అని ఒక్క ఎగురు ఎగిరి కోణంగి కర్రతో మబ్బు పొట్టలో పొడిచాను! అంతే. చిరిగిపోయింది. ఎండ పడింది. మార్చిలో పూయాల్సిన అజేలియాలు ఊరంతా ఆ క్షణాన పూసేశాయి. నేను పీపాని వెనక్కి తిప్పి, అలల మీదుగా ఎక్కి, మళ్ళీ బండి మీద దాని చోట దాన్ని పెట్టి, ఆఖరి వీధి దాకా ఆడాను. ఇదీ జరిగింది. మా అమ్మ తోడు. ఇప్పుడు చెప్పండి కెప్టెన్ గారూ, ఈ ఏడు పీపా ఎవరిది?"

వసారా అంతా చప్పట్లు. ఆల్ఫాన్సు కుర్చీ మీదే వంగి దండం పెట్టాడు.

కెప్టెన్ నిదానంగా పెట్టె మూత తీశాడు. లోపల కాగితపు గుజ్జుతో చేసిన పాత ముసుగు ఉంది, ముక్కు వాన దెబ్బకి మెత్తబడి ఒక పక్కకి ఒరిగింది.

"వాన ఏటిది. పాత కెప్టెన్ అటక మీద దొరికింది," అన్నాడు. "నీదేగా ఆల్ఫాన్సూ, గుర్తుపట్టావా?"

"గుర్తుపట్టకపోవడమేంటి!" ఆల్ఫాన్సు దూకి ముసుగుని గుండెలకి హత్తుకున్నాడు. "నా బంగారు తల్లీ! ఎన్నాళ్ళకి కనిపించావు!"

డెల్మార్ దాన్ని అతని చేతుల్లోంచి తీసుకుని తిరగేశాడు. లోపలి వైపు చూసి ఈల వేశాడు.

"మావా, ఆ రోజు పెదాలకి రంగేసుకుని వెళ్ళావా?"

ముసుగు లోపల, సరిగ్గా నోరుండే చోట, నేరేడుపండు రంగు లిప్‌స్టిక్ మరక. ఇన్నేళ్ళయినా చెక్కుచెదరలేదు.

"అది... అది బ్లాక్‌బెర్రీ..." అని ఆల్ఫాన్సు నసిగాడు.

"ఫిబ్రవరిలో ఆ పళ్ళెక్కడివి?" అంది పెర్లీ.

విరగబడి నవ్వారు. ఆ నవ్వులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఎందుకంటే ఎర్నెస్టీన్ అత్త అప్పుడే కప్పు కింద పెట్టింది, కప్పు అంచున అదే నేరేడు రంగు ఉంది. చర్చికి వెళ్ళినా, చావింటికి వెళ్ళినా ఆ రంగు లేకుండా ఆవిడ పెదాల్ని ఊళ్ళో ఎవరూ చూడలేదు. వాన ఏడు కోణంగి బట్టలు కుట్టిందీ ఆవిడే.

"అత్తా," అన్నాడు డెల్మార్. "నువ్వా?"

"నేనేంటి? కాఫీ ఇంకాస్త కావాలా?" అంది అత్త. "వేసినవాళ్ళు నోరు విప్పరని ఇందాకటి నుంచీ మీ మావ మొత్తుకుంటున్నాడుగా. వినలేదా?"

కెప్టెన్ వెండెల్ కప్పునీ ముసుగునీ మార్చి మార్చి చూశాడు. లేచి, టోపీ తీసి ఆవిడకి తల వంచాడు. "నేను ఏమీ చూడలేదు," అని కూర్చున్నాడు.

ఆల్ఫాన్సు మెట్టు మీద చతికిలబడ్డాడు. గాలి తీసేసిన ట్యూబులా ఉన్నాడు. కాసేపటికి, కోతల గొంతుతో కాదు, మామూలు గొంతుతో అన్నాడు.

"ఆఖరి బండి వచ్చేసరికి జనం కుర్చీలు మడిచేసుకుంటారు కెప్టెన్ గారూ. పిల్లల్ని చంకనేసుకుని వెనక్కి తిరిగి పోతుంటారు. వాళ్ళ వీపుల మీదకి విసురుతాను నేను. అందరూ నా వైపు చూస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దామని ఆశ. నాకు అదే బాధ. ఇంకేం లేదు."

"ఆడగలవేమో," అన్నాడు కెప్టెన్. "కానీ ఆ నోరు కట్టేసుకోలేనివాడికి ముసుగెలా ఇవ్వను?"

"ఇంత అబద్ధాన్ని ఇంతసేపు కింద పడకుండా నిలబెట్టాడే," అంది అత్త, "పీపా మీద వాడు నిలబడలేడా? నోటి సంగతంటావా, అది వాడు తేల్చుకోవాలి."

కెప్టెన్ పెట్టె మూసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

మార్డీ గ్రా నాడు వాన లేదు, ఎండే. ముందు బండి మీద కోణంగి ఆడుతుంటే గవర్నమెంట్ స్ట్రీట్ దద్దరిల్లింది. ఓక్ చెట్ల దగ్గర కాలు జారింది కూడా. జనం అమ్మో అన్నారు. కోణంగి ఆ జారుడినే గంతుగా మార్చి, ఒంటి కాలి మీద గిర్రున తిరిగి నిలబడ్డాడు. అప్పుడు లేచిన కేకలు వాన ఏడు కూడా లేవలేదని పెద్దవాళ్ళు ఒప్పుకున్నారు. ఆఖరి బండి వచ్చేదాకా ఒక్కరూ కుర్చీ మడవలేదు.

సాయంత్రం అందరూ మళ్ళీ అత్త వసారాలో చేరారు. ఆల్ఫాన్సు కుంటుకుంటూ వచ్చి కూర్చున్నాడు. పెర్లీ ఒక్క మాట కూడా అడగకుండా అతని చీలమండ మీద ఐసు మూట పెట్టింది.

"మావా," అన్నాడు డెల్మార్, "ఈ ఏడు కోణంగి అదరగొట్టేశాడు కదా. ఎవరంటావు?"

వసారాలో అందరూ అతని వైపు తిరిగారు. ఆల్ఫాన్సు నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి, ముఖం కందగడ్డలా అయింది. అత్త వైపు చూశాడు. అత్త కాఫీ తాగుతోంది.

"ఎవరో మరి," అన్నాడు ఆల్ఫాన్సు. "నేను వెనక బండి మీద ఉన్నానుగా. నాకేం కనబడుతుంది?"

డెల్మార్ మెల్లగా టోపీ తీశాడు. ఎర్నెస్టీన్ అత్త లేచి వెళ్ళి గంబో తెచ్చి, మొదటి గిన్నె ఆల్ఫాన్సు చేతిలో పెట్టింది.