నాలుగు చేతులు పట్టిన గడ్డపార

సుంకన్న సమ్మెట ఎత్తినాడంటే, అది కిందపడేదాకా ఆలోచన చెయ్యడు. అట్లాంటి మనిషి. బావులు తవ్వే వడ్డెవాళ్లకు పెద్ద. కొట్టేది ముందు, చూసేది తరవాత. వాని తమ్ముడు తిప్పన్న ఉన్నాడే, వాడు అన్నను తిరగేసినట్టు. తాడుకు ముళ్లేసుకొని కొలుస్తాడు, కొలిచింది మళ్లీ కొలుస్తాడు. అన్నం ముద్దను కూడా కొలిచి మింగుతాడని నవ్వుతుండిరంట. వాళ్లమ్మ ఓబులమ్మకు కండ్లు మసకలు గానీ చెవులు పదును. గులకరాయితో బండ మీద టక్కుమనిపించి, చెవి ఆనించి, రాయి లోపల ఏముందో వింటాదంట. ఇంక తిప్పన్న పెండ్లాం మారెక్క. ఏ పని మొదలుపెట్టినా అది యాడ చెడిపోతాదో ముందే చెప్తాది. "బావా, ఆ తాడు తెగుతాది" అంటాది, తెగుతాది. మరి ఊరుకుంటారా? తాడుది తప్పు కాదు, మారెక్క నోటిది తప్పు అంటారు. నవ్వద్దండీ, మీ ఇండ్లలో మాత్రం అనరా?

ఏమైందంటే, ఒక ఎండాకాలం ముందర ఈ నలుగురూ ఒక ఊరికి పోయినారంట. ఆ ఊళ్లో ఉన్న బావులన్నీ అడుగంటి, ఆడోళ్లు రెండు కోసుల దూరం పోయి నీళ్లు మోసుకొస్తున్నారంట. ఊరి రెడ్డి చెప్పినాడంట, మీరు ఉగాదికి నీళ్లు చూపిస్తే ఆ గట్టు మీద జాగా ఇస్తాను, గుడిసెలు వేసుకొని ఉండిపోండి, చూపించలేకపోతే మాత్రం వేరేవాళ్లను పిలుచుకుంటాను, మీ దారి మీది అని. వీళ్లకు ఊరూ లేదు, గడపా లేదు. మారెక్కకు ఎనిమిదో నెల. పోయినసారి కాన్పు బండి కింద, వానలో అయింది, ఆ బిడ్డ దక్కలేదు. "ఈసారి నెత్తిన కప్పు ఉంటే చాలత్తా" అనిందంట ఓబులమ్మతో.

తవ్వినారు. ఆరు నిలువుల లోతు పోయినాక ఖంగుమనింది. బండ. ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఒకే బండ అనుకోండి. ఉగాదికి ఇంకా పదకొండు రోజులు.

ఇప్పుడు వాళ్ల కట్టు ఒకటి చెప్పాల. గడ్డపార ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లదే. మూడు రోజులు ఒకరి వంతు, ఆ మూడు రోజులు తక్కినోళ్లు నోరు తెరవకూడదు, చెప్పిన పని చెయ్యాల. ఎందుకంటే ముందెప్పుడో వాళ్ల తాతలు ఇద్దరు బావిలో దిగి, ఇట్ల అంటే ఇట్ల అని కొట్లాడుకుంటే, పైన తాడు పట్టుకున్నోడు వాళ్ల కొట్లాట చూస్తా తాడు వదిలేసినాడంట. ఒకాయన నడుము పోయింది. అప్పటినుంచి ఈ కట్టు. మంచిదే కదా? మంచిదే. అదే వీళ్ల కొంప ముంచబోయింది.

మొదటి వంతు సుంకన్నది. దిగినాడు, నడిమధ్యన కొట్టినాడు. మారెక్క పైనుంచి, "బావా, నడుమ బండ కింద బంకమన్ను ఉంది, దెబ్బ అందులోకి పోతాది" అనింది. "మూయ్ మ్మే! పార నీ చేతిలో ఉందా?" అన్నాడు. మూడు రోజులు కొట్టినాడు. సమ్మెటలు రెండు విరిగినాయి, బండ నుంచి రాలింది దోసెడు పెంకులు. రెండో వంతు తిప్పన్నది. వాడు ఒక దినమంతా కొలిచినాడు. తరవాత సరిగ్గా మధ్యన గీత గీసి, ఉలితో బెజ్జాలు తొలిచి, ఎండు తుమ్మకట్టె మేకులు దిగ్గొట్టి నీళ్లు పోసినాడు. కట్టె నాని ఉబ్బితే రాయి చీలుతాది, తెలుసు కదా? మారెక్క మొగుణ్ణి చూసి, "బెజ్జాలు పైన వెడల్పు, కింద సన్నం, మేకులు పైకే వస్తాయి" అనింది. అతను కూడా మూయమనే అన్నాడు. ఏమైంది? మేకులు ఒకటొకటే పైకొచ్చి పక్కకు పడినాయి. మూడో వంతు ఓబులమ్మది. ఆయమ్మను బుట్టలో కూర్చోబెట్టి దించినారు. రెండు రోజులు విని, మూడో రోజు చెప్పింది: "నాయనా, దీని పొర నిటారుగా లేదు, ఏటవాలుగా పోతాది. తూర్పు మూలకు బోలుగా ఉంది, కింద నీళ్లున్నాయి." ఎట్ల పగలగొట్టాలమ్మా అంటే, అది నాకేం తెలుసురా అనింది.

తొమ్మిది రోజులు పోయినాయి. సుంకన్న గడ్డపార ఎత్తి గట్టు మీద పారేసి, "ఇంక ఏం చెడిపోతాదో అదీ చెప్పు తల్లీ, నీ నోరు చల్లగుండ!" అన్నాడంట మారెక్కతో, ఎగతాళికి. మారెక్క పొట్ట పట్టుకొని లేచి, ఆ గడ్డపార కొస పట్టుకొనింది. "బావా, ఇది ఎంత పొడుగుందో చూడు. నలుగురం పట్టుకునేంత ఉంది. పట్టుకున్నోళ్లు మాట్లాడొచ్చు కదా మన కట్టు ప్రకారం?" అనింది. సుంకన్న చూసినాడు. కట్టులో ఒక్కరే పట్టుకోవాలని యాడా లేదు! ఓబులమ్మ ముందు పట్టుకొనింది, తిప్పన్న పట్టుకున్నాడు, సుంకన్న గొణుగుతా పట్టుకున్నాడు.

ఇంక చూడండి మాటలు! ఓబులమ్మ బుట్టలో దిగి, పొర పోయే దారిన బొగ్గుతో గీత గీసింది. ఆ గీత మీద తిప్పన్న జానెడుకొక బెజ్జం కొలిచినాడు. "పైనా కిందా ఒకే వెడల్పు పెట్టు" అనింది మారెక్క. పెట్టినాడు, మేకులు దిగ్గొట్టి నీళ్లు పోసినాడు. "పైన మాత్రమే తడిస్తే లాభం లేదు, కిందిదాకా నానాల, తడి గోతాలు కప్పండి." కప్పినారు. "నీళ్లొస్తే లోపలున్నోడు మునుగుతాడు, బావ నడుముకు తాడు కట్టండి." "నాకా? నేనేమన్నా దూడనా?" అన్నాడు సుంకన్న. "దూడకైతే ఇంత మోకు అక్కర్లేదులే" అనింది. ఆ బెంగలోనూ ఓబులమ్మ పకపక నవ్విందంట.

పదకొండో రోజు మధ్యాహ్నానికి మేకులు ఉబ్బి బిగుసుకున్నాయి. బండ కిర్రుమంటా ఉంది గానీ చీలలేదు. అప్పుడు ఓబులమ్మ పైనుంచే చెవి ఒగ్గి విని, "తూర్పు మూల, కట్టకడపటి మేకు మీద, ఒక్కటే దెబ్బ కొట్టరా" అనింది. ఆలోచన చెయ్యకుండా కొట్టేవాడు కావాల్సింది అప్పుడే కదా! భయపడి మెల్లగా కొడితే పనికిరాదు. సుంకన్న కొట్టినాడు. ఉరుము ఉరిమినట్టు ఫెళ్లుమని ఈ కొస నుంచి ఆ కొసకు చీలింది. చీలిక నుంచి నీళ్లు మనిషెత్తున ఎగజిమ్మినాయి! తాడు లేకపోతే సుంకన్న ఆ రోజే అయిపోయుండేవాడు. ఊరు ఊరంతా తాడు పట్టి లాగింది. పైకొచ్చి, తడిసిన గడ్డం తుడుచుకొని, "మారెక్కా, ఇంకేమన్నా చెడిపోతాదేమో చెప్పమ్మా" అన్నాడంట. ఈసారి ఎగతాళికి కాదు.

రెడ్డి వచ్చి దోసిట్లో నీళ్లు తాగి, "ఇది ఎవరి తెలివి?" అని అడిగినాడంట. నలుగురూ ఒకేసారి "నాదే" అన్నారంట. ఆయన నవ్వి, గట్టు మీద జాగా చూపించినాడు. ఇరవై దినాలకు మారెక్కకు కొత్త కప్పు కింద ఆడపిల్ల పుట్టింది, ఊరంతా వినిపించేటట్టు ఏడ్చిందంట. ఇంక నన్నడుగుతారు, నలుగురిలో ఎవరు చెప్పింది నిజమని. నాకు తెలిసి ఒక్కరు కూడా అబద్ధమాడలేదు.