నూకరత్నం మూగ దొరసాని

నూకరత్నమని ఒకావిడ, నాటకాల కంపెనీలో ఉండేదంట. చేతులు ఊరుకోవు ఆవిడకి. కూచుంటే చాప పుల్లలు పీకుద్ది, నించుంటే కొంగు చుట్టుకుంటది, విప్పుకుంటది. తెల్లదొరల రోజులు కదా అవి. గవర్రాజుగారి కంపెనీ కాలవల వెంట పడవ మీద ఊరూరా తిరిగేది, గట్టు మీద డేరా వేసేది. అందులో రాణి వేషం ఈవిడదే. పరికిణీ కట్టిన నాటినించీ అందులోనే ఉంది, బయట నా అన్నవాళ్లు లేరు. గొంతెత్తి పద్యం అందుకుందంటే కాలవలో పడవ లాగేవాళ్లు తాడొదిలేసి నించునేవారనుకో. మరి ఏమైందంటే, ఒకనాడు పద్యం సగంలో ఆగిపోయింది. నోటిదాకా వచ్చింది, రాలేదు. హార్మనీ వాయించే మృత్యుంజయం ఆ ముక్కే తిప్పి తిప్పి వాయిస్తన్నాడు, జనం ఈలలేస్తన్నారు, ఆవిడ కొంగు చుట్టుకుంటంది, విప్పుకుంటంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు రాణి చీర ఇంకో పిల్లకిచ్చేశారు.

గవర్రాజుగారు పిలిచి, రత్నం, నువ్వు మూగ వేషం కట్టవే అన్నాడంట. మూగ వేషమంటే మీరు చూళ్లేదు గానీ, రెండు రంగాల మధ్య తెర వెనకాల సామాన్లు సర్దుకోవాలి కదా, అప్పుడు జనం లేచిపోకుండా తెర ముందుకొచ్చి నోరు మెదపకుండా ఆడే వెకిలి ఆట. దొరసాని వేషం. దోమతెర చింపి గౌను కుట్టారు, చేటకి గుడ్డ చుట్టి టోపీ చేశారు, మొహానికి సున్నం లాంటి తెలుపు పట్టించారు. గొడుగేసుకుని వచ్చి బురదలో జారాలి, లేచి తాటిముంజ చెంచాతో తినబోతే నీళ్లు చిమ్మి మొహాన పడాలి. అంతే ఆట. మాటా లేదు, పద్యమూ లేదు, మరిచిపోడానికి ఏముందే నీకు అన్నాడాయన. నూకరత్నం రాణిగా ఏడిపించిన జనాన్ని దొరసానిగా నవ్వించాలంట. సరే బాబూ అంది. ఏం చేస్తది, ఎక్కడికి పోద్ది. పడుకున్నా గొడుగు ముందా ముంజ ముందా, గొడుగు ముందా ముంజ ముందా అనుకుంటానే ఉండేది.

ఇలా ఉండగా ఒక లాకుల ఊళ్లో డేరా వేశారు. ఆ గట్టంతా కాలవల మీద అజమాయిషీ చేసే తెల్లదొరది, ఆయన ఊఁ అంటే ఉండాలి, పొమ్మంటే పోవాలి. ఆ దొర, దొరసానితో కలిసి ఆటకొస్తానని, ఆ మూగ తమాషా కూడా ఉండాలని బంట్రోతుతో కబురు చేశాడు. గవర్రాజుగారికి చెమట్లు పట్టినయ్. దొరసాని ముందు దొరసాని వేషమా. వద్దంటే దొరకి కోపం, ఆడితే దొరసానికి కోపం. నూకరత్నాన్ని పిలిచి, చూడు, ఉన్నదున్నట్టు ఆడు, ఎక్కువ చెయ్యకు, తక్కువ చెయ్యకు, నీ మూలంగా డేరా లేచిందో, మేం పడవెక్కుతాం, నువ్వు గట్టు మీదే ఉంటావు అన్నాడంట.

దీపాలు పెట్టే వేళకే మొదలెట్టారు. కాలవ గట్టు, అదే దోమల వేళ. దొరసాని ముందు వరసలో కుర్చీలో విసనకర్ర పట్టుకుని కూచుంది, మొహంలో నవ్వు లేదు. నూకరత్నం వచ్చింది, జారింది, ముంజ చిమ్మింది, జనం పొట్టలు పట్టుకున్నారు. అమ్మయ్య అయిపోయింది అనుకుని తెర పక్కకి తిరిగిందో లేదో, దొర లేచి వన్సుమోర్ అన్నాడు. వన్సుమోర్ అంటే తెలుసుగా, ఆ రోజుల్లో చచ్చిపోయిన వేషగాడైనా సరే లేచి మళ్లీ ఆ పద్యమే పాడాలి. మళ్లీ అదే, పొల్లు పోకుండా. నూకరత్నం మళ్లీ జనం కేసి తిరిగింది. ఇప్పుడే కదా చేసింది, ఏం చేసింది? గొడుగుందా, ముంజుందా, ఏదీ గుర్తు లేదు. మృత్యుంజయం వంక చూసింది. పద్యమైతే అందిద్దును గానీ నోరు లేని వేషానికి నేనేం అందించనమ్మా అన్నట్టు ఆయన చేతులు తిప్పాడు. తెర సందులోంచి గవర్రాజుగారి కళ్లు. చేతులు అల్లాడిపోతన్నాయి ఆవిడకి.

అప్పుడు ఎదురుగా దొరసాని విసురుకుంటంది. నూకరత్నం టోపీ తీసి చేటతో విసురుకుంది. జనం గొల్లుమన్నారు. దొరసాని ఆపింది, ఈవిడా ఆపింది. దొరసాని మొగుడి చెవిలో ఏదో అంది, ఈవిడ గాలి చెవిలో ఏదో అంది. దొరసాని మొహం కందగడ్డయింది. లేచి చరచరా గుమ్మం కేసి నడిచింది. ఈవిడ వేదిక దిగి వెనకాలే నడిచింది, ఇంకేం చెయ్యాలో తెలిస్తే కదా. గుమ్మం దగ్గర దొరసాని వెనక్కి తిరిగి చూసింది. బయటికి పోతే ఈవిడ గట్టు పొడుగునా వెంటొచ్చేట్టుంది. తిరిగొచ్చి కుర్చీలో కూలబడి, ఇంకేం చేస్తావో చూస్తానన్నట్టు రాయిలా బిగుసుకు కూచుంది. నూకరత్నం ఎదురుగా నేల మీద రాయిలా కూచుంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ చేతులు కదలకుండా ఉంది అప్పుడేనంట. లోపల మాత్రం చీమల పుట్ట. ఇద్దరూ కదలరు, డేరాలో దగ్గేవాడు లేడు. ఇంతలో ఒక దోమ జుయ్యిమని వచ్చి దొరసాని ముక్కు మీద వాలింది. దొరసాని ముక్కు ముడిచింది, ఈవిడా ముడిచింది. దోమ పోదు. ఆపుకుంది, ఆపుకుంది, ఇక ఆగలేక తన ముక్కు మీద తనే ఫట్టున కొట్టుకుంది. నూకరత్నమూ ఫట్టున కొట్టుకుంది, సున్నం రేగింది.

ముందు నవ్వింది దొరసానే. నవ్వి నవ్వి విసనకర్ర జారిపోయింది. మూగ వేషం కదా, నూకరత్నం కూడా చప్పుడు లేకుండా అలాగే నవ్వింది, తెలుపు మీద కన్నీళ్ల చారలు. అవి నవ్వినందుకా భయానికా అంటే నాకు తెలీదు. దొరసాని కళ్లు తుడుచుకుని ఏమందో తెలుసా, వన్సుమోర్ అంది. డేరా లేవలేదు, నూకరత్నం గట్టు మీద మిగల్లేదు.

ఇక అదే ఆటైపోయింది. ఏ ఊరెళ్లినా ముందు కుర్చీలో ఎవరు కూచుంటే వాళ్లే ఆ పూటకి ఆవిడ పాఠం. మునసబు గోక్కుంటే గోక్కుంది, కరణం కునికితే కునికింది. చివరికి ముందు వరసలో కూచునేవాడే లేకుండా పోయాడు, పెద్దమనుషులంతా వెనక చాపల మీద సర్దుకునేవారు. కుర్చీలు దండగైపోయాయని గవర్రాజుగారు సణిగాడంటలే. ఇదీ కథ. మధ్యలో నేనెక్కడైనా మరిచిపోయానేమో, మీకు తెలిసుండదు. మీ మొహాలు చూస్తానే చెప్పుకొచ్చా.