ఒక్క పాత ఫోను

బాన్సువాడలో మహేందర్ వరికోత మిషన్ల ఆఫీసు. బయట మబ్బు కమ్ముతోంది. అతను కూర్చోలేక తిరుగుతున్నాడు. కంప్యూటర్ ముందు, బుకింగ్ సైటు చేసిన మరదలు సహజ.

“పాత బ్రౌజర్లు ఉంచాల్నా, తీసెయ్యాల్నా? ఒక్కమాట చెప్పు బావా. నువ్వట్ల తిరుగుతుంటే నాకు కండ్లు తిరుగుతున్నయ్.”

“వాన పడెటట్టుంది సహజా! నస్రుల్లాబాద్ కాడ మన పొలం ఇంక కోయలే. హర్యాకు ఫోన్ కలుస్తలేదు.”

“మన పొలం పాలుకు చేసేది ఆయనే గద. సైటుల బుక్ చేసి మిషన్ పెట్టిస్తా అన్నడంటివి?”

“అన్నడు. అన్నడు గని... ఇగ నీ పని కానియ్. ఏంది గా పాతయి?”

“మబ్బు చూసి అందరు ఎగబడ్డరు, సైటు ఆగిపోతుంది. కొత్త పేజీ పెడితే ఉరుకుతది. గని పాత బ్రౌజర్ల తెరుచుకోదు, తెల్లగ వస్తది. అవిట్ల గూడ నడవాల్నంటే రెండు దినాలు పడ్తది.”

“పాతోళ్లు ఎంతమంది?”

“ఒక్కటే ఫోను.”

“ఒక్కదానికి రెండు దినాలా? పీకెయ్!”

“ఆగు బావా. ఫోన్ ఒక్కటే, బుకింగులు మస్తున్నయ్. ఏ రైతుకు అన్ని లేవు.”

“ఒక్కనికి అన్ని పొలాలేడియి? దళారిగాడు! మన మిషన్లు ముందుగాల పట్టుకొని, మబ్బు చూపిచ్చి ఎక్కువకు అమ్ముకుంటుండు.”

“నంబర్ ఉంది. అడుగుదామా?”

“దొంగను దొంగవా అని అడుగుతవా? తీసెయ్!”

“మిషన్ పొలం కాడికి పోయినంక, బుక్ చేసినోళ్లు పేజీల ‘వచ్చింది’ అని నొక్కాలె. నొక్కకుంటే డ్రైవర్ ఇంకో బుకింగుకు పోతడు. నువ్వు పెట్టిన రూలే.”

“గందుకే గద! వాడు నొక్కలేడు, మిషన్ అసలు రైతుకు పోతది.”

“బావా...”

“తీసెయ్‌మన్న!”

“...తీసేసిన.”

“ఇప్పుడు పానం సల్లగైంది. చాయ్ తెప్పియ్.”

“చాయ్ వచ్చి చల్లారింది గూడ బావా. గప్పటిసంది కిటికీ కాడనే నిలబడ్డవ్. ఇగో, నీ ఫోన్ మోగుతుంది. కొత్త నంబర్.”

“స్పీకర్ పెట్టు. హలో, ఎవరు?”

“హర్యాను సేటు. నా ఫోన్ కాల్వల పడ్డది. సక్రి ఫోన్ల మాట్లాడుతున్న. మిషన్ వచ్చింది...”

“వచ్చిందా! బతికిచ్చినవ్ హర్యా!”

“వచ్చింది, మలుపుకొని పిట్లం దిక్కు పోయింది. పేజీ తెల్లగైంది సేటు. సక్రి ఎంత కొట్టినా ‘వచ్చింది’ అని నొక్కనీకి రాలే.”

“సక్రి ఎవలు?”

“మా తండా పిల్ల. ఆమె చెయ్యి మంచిదని తండా అంత ఆమెతోనే మిషన్ పెట్టిస్తది. సొంత ఫోన్లున్నోళ్లు గూడ ఆమె ఫోన్లనే.”

“బావా, గా నంబరే. గా పాత ఫోన్ ఇదే.”

“డ్రైవర్‌ను మలుపు సహజా! వెనక్కి పిలువు!”

“చేస్తున్న బావా, చేస్తనే ఉన్న... ఎత్తుతలేడు.”

“సేటు, చినుకులు పడుతున్నయ్.”

“హర్యా... మిషన్ ఎవరి పొలం కాడికెళ్లి మళ్లింది?”

“మీ పొలం కాడికెళ్లే సేటు. మావి ఎనకకు పెట్టి, మీదే ముందుగాల పెట్టిచ్చిన.”