ఊగిన రైలు

సంతోష్‌నగర్‌లో ఓ చిన్న ఇల్లు. దుబాయ్ నుంచి వచ్చిన బావమరిది దగ్గర వీడియో కెమెరా అడుక్కొని, ఉప్పుగూడ స్టేషన్ దగ్గర తాను తీసిన రైలును మొగుడు టీవీలో పెళ్లానికి చూపిస్తున్నాడు. మూడేళ్ల పాప పక్కనే నిద్రపోతోంది.

"ఇది రైలా? గౌలిపుర బర్రె కల్లు తాగొచ్చినట్టు గట్ల ఊగుతుందేంది?"

"ఇంజన్ దగ్గరికి రాంగనే భూమి అదురుతదే. నీకేం ఎరుక?"

"ఇంజన్ ఏది? సగం ఆకాశమే తీసినవ్. ఆకాశానికి గూడ టికెట్ ఉన్నదా?"

"నేర్చుకుంటున్న గదా! వచ్చే ఐతారం ఇంకింత దగ్గరికి పోయి తీస్త. గప్పుడు చూడు, మస్తు వస్తది."

"ఇంకా దగ్గరికంటే ఇంజన్ నోట్లనే కూసోవాలె."

"నవ్వుడు అల్కనే, తీసుడే కష్టం. గంత బరువు కెమెరా ఒంటి చేత్తోని పట్టి చూడు, ఊగదా?"

"ఒంటి చేత్తోనా? రెండో చెయ్యికి ఏమైంది?"

"ఏంగాలే."

"ఇంజన్ కూత పెట్టినంక ఏదో ఇనబడ్డది. ఎనకకు తిప్పు."

"రైలు సప్పుడే."

"తిప్పమన్న... 'బాపూ, భయమైతుంది, ఇంటికి పోదాం' అంటుంది. రైలు మాట్లాడుతదా?"

"ఇగ సాలు, టీవీ బంద్ చేస్త."

"బిడ్డను మా అమ్మ కాడ దించిన అంటివి."

"పట్టాలకు దూరంగనే నిలబడ్డ. గట్టిగనే పట్టుకున్న."

"దేన్ని? కెమెరానా, బిడ్డనా?"

"లొల్లి చెయ్యకే, పిల్ల లేస్తది."

"లొల్లి ఎందుకు? నీ బొమ్మ బాగుపడే ఉపాయం చెప్తున్న. ఇప్పటి సంది బిడ్డ నా సంకల ఉంటది. నువ్వు కెమెరాను రెండు చేతులతోని పట్టుకో."