పేతురు పండగకి కాల్చిన వలలు

దగ్గరికి జరగండి ఇంజనీరు గారూ, ఇంకా దగ్గరికి. ఈ అలల హోరులో నా గొంతు మీదాకా రాదు. ఏమిటీ, పరిహారం కోసం మేం పెట్టిన ముప్పై ఒక్క అర్జీలూ దొంగ అర్జీలేనా? ఓడ బీమా కంపెనీ లిమా నుంచి పంపితే వచ్చారు, అనుమానించడం మీ ఉద్యోగం. కానీ మా వాళ్ళని దొంగలనకండి. ముందు నా మాట వినండి.

ఆ ఓడ గొట్టం తెగి చమురు కక్కింది జూన్ మొదటి వారంలో. కాదని మీరూ అనడం లేదుగా? తెల్లారేసరికి రేవంతా తారు పోసినట్టుంది. గూడబాతులు రెక్క లేపలేక నిలబడ్డచోటే చచ్చాయి. వల ముట్టుకుంటే చెయ్యి అతుక్కుపోయేది.

మరి ఆ వలలేవీ అంటారు! చమురు పట్టిన వల చూపిస్తేనే పరిహారమట. ఆ సంగతి అప్పుడు మాకెవరు చెప్పారు స్వామీ?

ఆ నెల ఇరవై తొమ్మిదిన పునీత పేతురు పండగ, ఆయనా ఒకప్పుడు మాలాగే జాలరే. ఆయన విగ్రహాన్ని పడవెక్కించి సముద్రం మీద తిప్పుతాం. మురికి వల ఉంచుకుని ఆయనకి ఎదురు పోకూడదు, తాతలనాటి కట్టుబాటు. పండగ పెద్దని నేనే. "కాల్చెయ్యండర్రా, కొత్తవి ఆయనే ఇస్తాడు" అన్నాను. ప్రార్థన చెప్పి మరీ నిప్పంటించాను.

"తెయొదోసియో మామా, మీ పేతురు ఇంకా వలలు అల్లుతున్నాడా?" అని నవ్వింది ఎర్మెలిందా. మొగుడు సముద్రంలో పోయాక, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని, రెండేళ్ళు కూర్చుని అల్లుకుంది తన వల. నవ్వుతూనే తెచ్చి మంటలో వేసింది.

నా వలా? అక్కడికే వస్తున్నా. కొత్తది కదా, మనసొప్పలేదు. కిరసనాయిలుతో కడుక్కోవచ్చులే అని ఇంటి వెనక ఇసకలో పాతిపెట్టాను. కట్టుబాటు వాళ్ళకీ, వల నాకూ! చూశారా నా భక్తి?

మీ కబురొచ్చాక దాన్ని తవ్వి తీశాను. ముప్పై ఒక్క ముక్కలు కోసి, మంటలో కాలక మిగిలినవని చెప్పి ఇంటికొకటి పంచాను. పాపం, నమ్మారు. మీ బల్లమీదవన్నీ ఆ ఒక్క వల ముక్కలే. ముడులన్నీ ఒకేలా ఉన్నాయని ఇట్టే పట్టేశారు.

నా పేరు కొట్టెయ్యండి. జైలుకి పంపండి, వస్తాను. వాళ్ళ పేర్లు మాత్రం... ఏమిటీ, అన్నీనా? అన్నీ కొట్టేసినట్టేనా?

సరే. మీ సంతకం మీది.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. లిమాలో మీ పెద్దలు మా రేవు సంగతి అడిగితే నా మోసంతో మొదలుపెట్టకండి. ఎర్మెలిందా తనకున్న ఒక్క వలనీ దేవుడి పేరు మీద నిప్పులో వేసిందని ముందు చెప్పండి. రెండుసార్లు చెప్పండి. ఒక్కసారి చెబితే వాళ్ళు నమ్మరు.