ముఖ్బిల్ మోసిన పెట్టె

ముఖ్బిల్ ఒకసారి టీకొట్టు బల్ల మీద కూలబడ్డాడంటే ఇక లేవడని కొట్టు నడిపే ఖాయిద్‌కి తెలుసు. ఆ పొద్దున కొండమీది ఊళ్లోకి పోలియో చుక్కలవాళ్లు వచ్చారని ఎవరో అన్నారు. అంతే, ముఖ్బిల్ మీసం దువ్వాడు.

"ఈ చుక్కలు కొండెక్కాయంటే ఎవరి చలవ అనుకున్నారు? నాదే. పోయినేడు వానలకి దారి కొట్టుకుపోయి నర్సమ్మలు కిందే ఆగిపోతే, మందుపెట్టె నా వీపుకి కట్టమన్నాను. గాడిదే రానని మొండికేసిన దారి!"

"గాడిదకి బుర్రుంది," అన్నాడు పక్కన కూర్చున్న హిజామ్ టీ ఊదుకుంటూ.

"విను మరి. సగం దారిలో ఐసు కరగడం మొదలెట్టింది. ఐసు కరిగితే మందు పాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తలెత్తి ఎండ వంక ఉరిమి చూశాను. మబ్బేసింది. నేను ఊరు చేరేదాకా మళ్లీ ఎండొస్తే అడుగు, అల్లా తోడు!"

"పాపం, జడుసుకుని ఉంటుంది."

"జడుసుకోదా! పైకొచ్చి మూత తీస్తే ఐసు తరక్కపోగా పెరిగింది. మిగిలినదాంతో ఊరంతా షర్బత్ తాగింది. అప్పుడొక కేకేశాను, పిల్లల్ని తెండహో అని. నా గొంతు మీకు తెలిసిందేగా, అవతలి కొండ మీది పిల్లలు కూడా నోళ్లు తెరిచారు. ఇక్కణ్నించి చుక్క విసిరితే అక్కడ నోట్లో పడింది. నా ముందు ఏ తండ్రి కాదంటాడు, ఏ తల్లి తలుపేసుకుంటుంది? ఆఖరికి మేకలు కూడా వరసలో నిలబడ్డాయి. వాటికీ వేశాను. చూడండి ఇప్పుడు, గోడలెక్కుతున్నాయి!"

"మేకలు ఎప్పుడూ గోడలెక్కేవే కదా మామా."

"ఇంత హుషారుగా ఎక్కేవా?"

అందరూ పగలబడి నవ్వారు. ఎడమకాలు ఈడ్చుకుంటూ గ్లాసులు అందిస్తున్న ఖాయిద్ కూడా నవ్వాడు.

అంతలో భుజాన పెట్టెతో చుక్కలమ్మాయి బిల్కీస్ వచ్చి రోడ్డు మీదే ఆగింది.

"ముఖ్బిల్ మామా, మీ కోడలు తలుపు తియ్యడం లేదు. మగాళ్లు ఇంట్లో లేరు, మా ఆయన పట్నంలో ఉన్నాడు, మామగారు చెప్పందే బాబుని చూపించను, రేపు రండి అంటోంది. రేపు మేం వేరే కొండకి పోవాలి. ఐసు కూడా కరిగిపోతోంది."

"వస్తాలేమ్మా, ఈ టీ కానీ. నా మనవడికేం, గుండ్రాయిలా ఉన్నాడు. ఆఁ, ఎక్కడున్నాం? మేకల దగ్గర కదా..."

ఖాయిద్ వచ్చి అతని చేతిలోంచి గ్లాసు తీసేసుకున్నాడు. ఒళ్లు మండిపోతున్నా గొంతు పెంచలేదు.

"మా ఇంటి గుమ్మంలోనూ ఒకనాడు చుక్కలవాళ్లకి ఇదే మాట చెప్పి పంపేశారు మామా. మగాళ్లు ఇంట్లో లేరు, రేపు రండని. మా నాన్న ఈ బల్ల మీదే ఉన్నాడు. కబుర్లు చెబుతున్నాడు."

హిజామ్ తల దించుకున్నాడు. ముఖ్బిల్ ఖాయిద్ కాలి వంక చూశాడు. లేచి శాలువా సర్దుకున్నాడు.

"ఆ పెట్టె ఇటివ్వమ్మా, నేను తెస్తాను. పద."

బిల్కీస్ పెట్టె అందించింది. భుజానికి ఎత్తుకోబోయి ముఖ్బిల్ తూలాడు.

"ఓర్నాయనో," అన్నాడు, "ఇంత బరువుంటుందా ఇది!"