దించరాని బోనం

మూడేండ్ల కింద, ఆషాఢం ఆఖరి ఆదివారం, పగలు పన్నెండు కొట్టంగ. మీకు యాది లేదంటె నమ్ముత, ఉదయ్ భాస్కర్ సారు. మీరు కార్ల ఉన్నరు, అద్దాలెక్కిచ్చుకొని. ఎండల ఉన్నది మా అత్త.

లేవకుండ్రి, కూసోండ్రి. చాయ తాగుండ్రి. ఇంటికొచ్చినోళ్లను నిలబెట్టుడు మా ఇంట్ల లేదు.

మీ కాయితం మీద సంతకం ముచ్చట తర్వాత. ముందుగాల జాగ ముచ్చట వినుండ్రి. నానక్‌రామ్‌గూడల మీ టవరు లేచిన భూమంత మా మామ దగ్గర మీ నాయన కొన్నదే. దాంట్ల పంచాది లేదు. కని మీ పార్కింగు ర్యాంపు పక్కన పోచమ్మ ఉన్న రెండు గుంటల జాగ అమ్మలే. "అది అమ్మనీకె నాది కాదు, ఆమెది" అన్నడు మా మామ. మీ నాయన చెప్పులిడిచి దండం పెట్టిండు. "చుట్టూ గోడ లేచినా, మీ బోనానికి మా గేటుల నుంచే తొవ్వ" అన్నడు. ఆయన బతికున్నన్ని రోజులు గేటు కాడి అడ్డకర్ర మా కోసం లేచింది.

ఆయన పోయినంక మీరొచ్చిన్రు. ఇగ ఆ ఆదివారం.

మా అత్త రుక్కమ్మ నెత్తిన కొత్త కుండ, లోపట బెల్లమన్నం, చుట్టూ యాపమండలు, మీద దీపం. కర్ర దించిన్రు. "పెద్ద కంపెనోళ్లు బిల్డింగు చూడనీకె వస్తున్నరమ్మా, ఆ కుండ పక్కకు దించి కూసో" అన్నడు సెక్యూరిటాయన.

ఎట్ల దించుతది సారు? బోనం ఒకసారి ఎత్తినంక అమ్మ ముంగట్నే దించుతరు. నడుమల దించితె అది బోనమే కాదు. మా అత్త కొట్లాడలే. నిలబడ్డది. నేను గొడుగు పట్టిన.

మీ కారొచ్చింది. అద్దం జర దించి ఏమన్నరు? "ఎవరీవిడ? ఆ కుండ తీసి పక్కన పెట్టండి." గింతే గద. తీసిన్రు. చెయ్యి పట్టి గుంజిన్రు. కుండ ర్యాంపు మీద పగిలింది. కర్ర లేచింది, మీ కారు అమ్మ అన్నం మీదికెళ్లి పోయింది.

తప్పయిందంటరా? ఎవరికి చెప్తరు? మా అత్త మళ్ల బోనమెత్తలే. "నా నెత్తి మీద నిలవలే బిడ్డా, ఇగ నాకొద్దు" అన్నది. పోయిన కార్తీకంల ఆమే పోయింది.

కోపమా? నాకెందుకు సారు కోపం. రోజూ దీపం పెట్టి ఒక్కటే మొక్కిన. ఆ సారు ఒకనాడు నా గడప తొక్కాలె తల్లీ, చెయ్యి చాపి ఏదన్న అడగాలె అని. పోచమ్మ విన్నది.

ఇగ మీ ఫికర్. కరెంటు కార్లకు చార్జింగు పెట్టే డబ్బాలు కింద వరసగ బిగిచ్చిన్రు, నేలకు పచ్చరంగేసిన్రు, రిబ్బన్ గూడ కత్తిరిచ్చిన్రు. పర్మిషన్ వెనుక అదే వస్తది లే అనుకున్నరు. లగ్గం చేసుకొని పిల్లను అడగనీకె వచ్చినట్లున్నది. అన్ని కార్లకు కరెంటు చాలాలంటె కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలె. మిగిలిన దిక్కులన్ని ఫైరింజన్ తిరిగే తొవ్వ. ఇగ మిగిలింది అమ్మ జాగ. దాన్ని ప్లాన్‌ల మీ ఖాళీ స్థలమని గీసిన్రు. కరెంటు ఆఫీసరొచ్చి చూస్తె ఆ ఖాళీ స్థలంల దీపం వెలుగుతున్నది.

ఆయనకు ఎవరు చెప్పిన్రని అందరినీ అడుగుతున్నరట. పాపం మీ కాడ పనిచేసే పిల్లగాండ్లను పరేషాన్ చెయ్యకుండ్రి. నేనే. ఆయనొస్తడని తెలిసి తలమీద నీళ్లు పోసుకొని పోయి ఆడ కూసున్న. "ఈ జాగ ఎవరిదమ్మా" అన్నడు. "పోచమ్మది, మేమెవలకు ఇయ్యలే" అన్న. గంతే.

రెండో బేస్‌మెంట్‌ల పాలరాతి గుడి కట్టిస్తరా? అమ్మను లిఫ్టుల దించుతరా? బాగున్నది. చార్జింగు లేకుంటె ఆ పెద్ద కంపెనీ లేచి రాయదుర్గం పోతదా? పోనియ్యుండ్రి. ఇక్కడ కర్ర లేపుడు గూడ తప్పుతది.

చాయ సల్లారింది. ఇంకోటి పెడుదునా?

సంతకం పెట్టనే పెట్ట సారు. ఎందుకో చెప్త. బోనం పగిలిన తెల్లారి మా ఇంట్ల ఏం చేసినమో మీకెవరూ చెప్పలే. కార్లు రాకముందే పోయినం, నేను, మా ఆయన మొగిలి, అత్త. అమ్మ అన్నం మీద మళ్ల టైరు పోవద్దని మోకాళ్ల మీద కూసొని ఎండిన మెతుకులు గీకినం. పెంకులన్ని అత్త కొంగుల ఏరింది. ఇప్పుడు కేబుల్ కోసమని అమ్మ జాగల సున్నంతోటి గీత గీయించిన్రు గద, సరిగ్గ ఆడనే మొగిలి గుంత తవ్విండు. పెంకులు పెట్టి మన్ను కప్పినం. అత్త దాని మీద పసుపునీళ్లు చల్లింది.

ఇంటికొచ్చినం. ఆ పొద్దు మా పొయ్యి ముట్టియ్యలే.